వంటింట్లోంచి వేదాంతం

వేదాంతం అన్న మాట వినగానే మనకి ముందు గుర్తొచ్చేది మగగొంతు. తాతగారి బీరువాలో పై అరలో, అట్ట నలగకుండా ఉన్న లావుపాటి పుస్తకాలు ఏవయ్యా అంటే అవే. ఆడవాళ్లు ఎప్పుడైనా దుమ్ము దులపడానికి దింపుతారు, మళ్లీ అక్కడే పెట్టేస్తారు. నోరు తెరిచి ఓ ప్రశ్న వేస్తే మటుకు, “ఏవిటీ, వేదాంతం మొదలెట్టావ్?” అంటారు.

క్రైస్తవ వేదాంతం సంగతీ ఇంతే. ఆ మతం కానివాళ్లు ఆ పుస్తకాలు మనకెందుకులే అనుకుంటారు. ఆ మతంవాళ్లేమో బైబిలు ఉందిగా, మిగతావి పాదిరీగారు చూసుకుంటారులే అనుకుంటారు. నాకీ రెండు మాటలూ నచ్చవు. “చదవాలనుంది, ఎక్కణ్ణించి మొదలెట్టాలి?” అని అడిగేవాళ్లకి నేనొక వరస చెబుతాను. అది పండితుల వరస కాదు. మధ్యాహ్నం గిన్నెలు కడిగేశాక గంటసేపు దొరికే వాళ్ల వరస.

మొదటిది అగస్టీన్ ‘కన్ఫెషన్స్’. అగస్టీన్ 354లో, ఇప్పటి అల్జీరియా దేశంలో ఉన్న తగస్తే అనే ఊళ్లో పుట్టాడు. నలభయ్యేళ్లు దాటాక, తన బతుకంతా దేవుడికి చెప్పుకుంటున్నట్టుగా ఈ పుస్తకం రాశాడు. పదహారేళ్ల వయసులో స్నేహితులతో కలిసి పక్కతోటలో పళ్లు దొంగిలించాడట. ఆకలేసి కాదు, ఇంట్లో అంతకన్నా మంచి పళ్లే ఉన్నాయి. మరెందుకు చేశాను? ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని పేజీలకి పేజీలు తవ్వుతాడు. పిల్లల్ని పెంచినవాళ్లకి ఆ ప్రశ్న ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు.

ఈ పుస్తకంలో వాళ్లమ్మ మోనికా ఉంది. కొడుకు 383లో ఆమెని ఏమార్చి, రాత్రికి రాత్రి కార్తేజి రేవులో ఓడెక్కి రోముకి వెళ్లిపోతాడు. ఆవిడ సముద్రం దాటి వెతుక్కుంటూ వెళుతుంది. ఇంకొక స్త్రీ కూడా ఉంది. పన్నెండేళ్లకు పైగా అతనితో కాపరం చేసి, కొడుకుని కని, పెద్దింటి సంబంధం కుదరగానే పిల్లవాణ్ణి వదిలి ఆఫ్రికాకి తిరిగిపోవలసి వచ్చిన మనిషి. ఆమెని పంపేస్తే గుండె చీలిందని రాశాడు కానీ, ఆమె పేరు మాత్రం రాయలేదు. అక్కడ పుస్తకం మూసి కాసేపు ఆలోచించండి. ఆ ఆలోచన కూడా చదవడంలో భాగమే.

386లో అగస్టీన్ మిలాన్ దగ్గర ఒక పల్లెటూరి ఇంట్లో స్నేహితులతో, శిష్యులతో తత్వచర్చలు పెట్టాడు. పక్కన లేఖకుడు రాస్తూ ఉండేవాడు. మోనికా లోపలికొచ్చి చర్చ ఎంతవరకూ వచ్చిందని అడిగింది. ఆ ప్రశ్న కూడా రాయమన్నాడు కొడుకు. మీరు చదివే పుస్తకాల్లో ఆడవాళ్లని ఇలాంటి చర్చల్లో ఎక్కడైనా చేర్చారా, అని ఆవిడ ఆశ్చర్యపోయింది. పూర్వం స్త్రీలూ తత్వం ఆలోచించారు, నీ తత్వం నాకు ఎంతో ఇష్టం, అన్నాడు కొడుకు. ఆ సంవాదం ఇప్పటికీ అచ్చులో ఉంది.

రెండోది నార్విచ్ జూలియన్ పుస్తకం. ఆవిడ అసలు పేరేమిటో స్పష్టంగా తెలియదు. ఇంగ్లండులో ఏ చర్చిని ఆనుకున్న గదిలో ఏకాంతంగా బతికిందో ఆ చర్చి పేరే ఆవిడ పేరయింది. 1373లో, ముప్ఫయ్యేళ్ల వయసులో, జబ్బుతో చావు దాకా వెళ్లినప్పుడు కొన్ని దర్శనాలు కలిగాయి. వాటి అర్థమేమిటని ఇరవయ్యేళ్లకి పైగా ఆలోచించి రాసింది. ఇంగ్లీషులో స్త్రీ రాసిందని మనకి తెలిసిన మొదటి పుస్తకం ఇదే. అరచేతిలో చిన్న గింజంత వస్తువు కనిపించి, సృష్టి అంతా ఇదే అని తెలిసిందట. క్రీస్తుని తల్లి అంటుంది జూలియన్. ఊళ్లకి ఊళ్లు ప్లేగులో పోయిన కాలంలో ఈ మాటలు రాసిందని గుర్తుపెట్టుకుని చదవాలి.

మూడోది ఆవిలా తెరేసా. 1559లో స్పెయిన్లో మతవిచారణాధికారి స్పానిష్ భాషలో ఉన్న భక్తి పుస్తకాలెన్నో నిషేధించాడు. లాటిన్ రాని ఆడవాళ్లకి అవే దిక్కు. చదువుకోవడానికి లేకుండా పోయిందని బాధపడిన తెరేసా తానే రాసింది. ఆమె ఆత్మకథనీ మతవిచారణవాళ్లు పట్టుకుపోయారు. ఊరుకుందా? 1577లో, ఉత్తరాలూ జబ్బూ మఠం పనులూ అన్నిటి మధ్యా, ఆర్నెల్లలో ‘అంతరంగ దుర్గం’ పూర్తి చేసింది. మనసు ఏడు మజిలీల కోట అంటుంది. దేవుడు వంటగిన్నెల మధ్య కూడా తిరుగుతాడని మఠంలో ఆడవాళ్లకి చెప్పింది ఈవిడే. 1970లో రోమన్ కాథలిక్ చర్చి ఆమెకి ఆచార్య పదవి ఇచ్చింది. ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆవిడే. చనిపోయి అప్పటికి 388 ఏళ్లు!

నాలుగోది ఒక ఉత్తరం. మెక్సికోలో సన్యాసిని సోర్ హువానా 1691లో రాసింది. ఒక పేరుమోసిన పాదిరీ ప్రసంగంలో తర్కం సరిగా లేదని ఆవిడ విమర్శ రాస్తే, ఒక బిషప్పుగారు దాన్ని అచ్చువేయించి, లౌకిక చదువులు తగ్గించుకోమని సలహా కూడా ఇచ్చాడు. అదీ ఒక సన్యాసిని పేరుతో! హువానా జవాబు చూడాలి. మూడేళ్లకే చదవడం నేర్చుకున్నాననీ, మగవేషం వేసి యూనివర్సిటీకి పంపమని అమ్మని బతిమాలాననీ చెబుతుంది. పుస్తకాలు వద్దన్నప్పుడు వంటింట్లోనే ప్రకృతిని చదివానంటుంది. గుడ్డు నేతిలో గట్టిపడుతుంది, పాకంలో విడిపోతుంది. పుల్లటి పండు నానిన నీళ్లు కాసిని పోస్తే పాకం గడ్డకట్టదు. మనం పాకంలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండమూ? అదే. అరిస్టాటిలు వంట చేసుంటే ఇంకా చాలా రాసుండేవాడని చురక కూడా వేసింది.

ఆ తర్వాత కథ నవ్వు తెప్పించదు. కొన్నేళ్లకి ఆమె రాతలు దాదాపు కట్టిపెట్టి, 1694లో వ్రతపత్రం మీద రక్తంతో సంతకం చేసింది. మనసు మారిందా, పెద్దల ఒత్తిడా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. 1695లో మఠంలో అంటువ్యాధి వచ్చిన తోటివాళ్లకి సేవచేస్తూ తానూ పోయింది.

ఈ నలుగురూ అయ్యాకే థామస్ అక్వినాస్ జోలికి వెళ్లండి. ఆయన 1265లో మొదలుపెట్టి 1273లో అసంపూర్తిగా వదిలేసిన ‘సుమ్మా’ కొండంత గ్రంథం. కానీ భయపడకండి, దాని పద్ధతి మనకి కొత్తది కాదు. ముందు పూర్వపక్షం, తర్వాత సిద్ధాంతం, ఆ పైన ఒక్కొక్క ఆక్షేపణకీ సమాధానం. ‘దేవుడున్నాడా?’ అనే చోట కూడా ఎదుటివాడి ఆక్షేపణలే ముందు రాస్తాడు. రోజుకి ఒక్క ప్రశ్న చాలు.

చదివేటప్పుడు పక్కన పెన్సిలు పెట్టుకోండి. ఒప్పుకోని చోట అంచులో మీ ఆక్షేపణ రాసెయ్యండి. పుస్తకం పాడవుతుందని ఎవరైనా కసురుకుంటే, మోనికా ప్రశ్ననీ రాయించిపెట్టారని చెప్పండి.