చిల్కా నీటిపై గెడా, తెడ్డూ

మన గిరిసోలవారికి చిల్కా దూరము కాదు. బరంపురం, ఛత్రపురం దాటి రైలు రంభ చేరేసరికి కుడిచేతి కిటికీ నిండా నీరే. ఉద్యోగరీత్యా ఆ దారిన లెక్కలేనన్ని మార్లు పోయినాను. అయినా ఆ నీటిపై పడవను దేనితో నడుపుతారన్నది ఏనాడూ ఆలోచించినవాడను కాను.

ఒక శీతకాలం సెలవులో ఉత్తరపు ఒడ్డున టాంగీ వద్దనున్న మంగలాజోడి గ్రామానికి పోయి పడవ మాట్లాడుకొన్నాను. అందులో తెడ్లు జత కనబడలేదు. "తెడ్లేవీ మవుసా?" అని ఒడియాలో అడిగితిని. ముసలి పడవవాడు వెదురుగెడ చేతబట్టి, "మొలలోతు నీళ్లకు తెడ్లెందుకు బాబూ? ఒకటి ఉన్నది, అడుగున పడుకొన్నది" అని చూపినాడు. అది పొట్టి తెడ్డు. ఒకప్పుడు బాతుల వేటకు వాడినదట.

వానకాలములో చిల్కా సుమారు 1,165 చదరపు కిలోమీటర్లు పరచుకొన్నా, వేసవికి 900 చిల్లరకు తగ్గుతుంది. ఉత్తరభాగాన బురద, తుంగ, లోతు తక్కువ. అందుచేతనే అక్కడి పడవలకు అడుగు బల్లపరుపు. లోతుకు దిగే వెన్నుదూలముంటే బురదలో చిక్కుకొనును.

ఇక వేటగాని సంగతి. జోడు తెడ్లు వేసేవాడు పోవలసిన దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటాడు. బాతు ఎటున్నదో తానెట్లా చూచును? తెడ్డు ఆనిన కొయ్య కిర్రుమంటుంది, చివరలకు తుంగ చుట్టుకొంటుంది. గెడవేసేవానికి ముందుచూపు ఉన్నది, బలమూ ఉన్నది. కాని అతడు నిలబడవలెను. నిలబడ్డ మనిషిని పిట్ట అల్లంత దూరాన పసిగడుతుంది. పైగా బురదలో దిగిన గెడను మెలితిప్పి లాగకపోతే పడవ ముందుకు, మనిషి వెనుకకు! పొట్టి తెడ్డు నెమ్మదే గాని, వంగి కూర్చుని, నీటిలోనుండి పైకి తీయకుండానే అంచుమీదుగా వెనుకకు తిప్పి మళ్లీ తోయవచ్చును. చుక్క రాలదు, చప్పుడు లేదు. కనుక దూరమంతా గెడతో వచ్చి, చివరి పరుగుకు దానిని పడవలో పడుకోబెట్టి తెడ్డు అందుకొనేవారట. ఇంగ్లండులో బాతులవేటకు వాడిన సన్నని పడవలలోనూ వేటగాడు బోర్లా పడుకొని చిన్న గెడతోనో, చేతి తెడ్లతోనో జరిగేవాడు. ఎవరు ఎవరికీ నేర్పలేదు. బాతు కళ్లే నేర్పినవి.

దొరల కాలములో చిల్కా పేరుబడ్డ వేటస్థలము. గంజాం కలెక్టరు స్నాడ్‌గ్రాస్ 18వ శతాబ్దం చివర రంభలో కట్టించిన మేడ తరువాత ఖల్లికోట రాజుల చేతికి వచ్చినది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు సరస్సు దక్షిణపు కొస మద్రాసు రాజధానిలోనిదే. మేడలో దిగినవారి పేర్లు గ్రంథాల్లో ఉన్నవి. గెడవేసినవాని పేరు నాకెక్కడా కనబడలేదు.

మన తెలుగువారి మాట కూడా చెప్పాలి. ఒడియావారు నోళియాలనే మన వాడబలిజలు గోపాలపురం రేవులో తెప్పలు నడిపినవారు. ఆ సముద్రములో గెడకు నేల అందదు. అక్కడ తెడ్డే దిక్కు. మేకులు లేక తాళ్లతో కుట్టిన మసూలా పడవలు అలలకు వంగి, విరగక, రంగూను ఓడ ఎక్కే కూలీలను గట్టునుండి లోతుకు చేర్చినవి. మనలో పలువురి ముత్తాతలు ఆ తెడ్లవారి భుజబలము మీదనే బర్మా వెళ్లినారు.

1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చినది. 1981లో చిల్కా అంతర్జాతీయ చిత్తడినేలల జాబితా కెక్కినది. 1987లో నలబణ దీవి పక్షుల అభయారణ్యమైనది. 1991 సవరణతో లైసెన్సు వేటకూ తెర పడినది. అయినా మంగలాజోడిలో దొంగవేట చాలాకాలము సాగినది. ఆ పిట్టలే వారికి కూడు. చట్టము కూడు పెట్టదు గదా! 2000 సంవత్సరంలో ఆ వేటగాళ్లే మహావీర్ పక్షి సురక్షా సమితిగా ఏర్పడి కాపలా కాయసాగినారు. పిట్ట ఎక్కడ వాలునో, ఏ గాలికి ఎటు లేచునో వారికంటె ఎరిగినవాడెవడు? నేడు యాత్రికులకు పిట్టలను చూపి జీవిస్తున్నారు. పక్షుల నడుమకు మోటారు పోనివ్వరు, గెడయే.

మా మవుసా తుంగ మలుపు తిరిగి గెడను మెల్లగా పడవలో పెట్టినాడు. ఆ పొట్టి తెడ్డు తీసుకొని కూర్చున్నాడు. ఇరువది గజాలలో సూదితోక బాతుల గుంపు, పక్కన జంటగా చక్రవాకాలు. ఒక్కటీ లేవలేదు. "ఇంతకు ముందు ఇక్కడే తుపాకీ ఎత్తేవాణ్ణి" అని చెవిలో చెప్పినాడు. తరువాత ఆ తెడ్డు నా చేతికిచ్చినాడు. రెండు తోపులు తోసితిని. రెండవదానికి నీరు చప్పుడైనది, బాతులన్నీ లేచిపోయినవి.