కాగితాల ఊళ్ళో ఒక అతుకు కథ

మా సారపాక గురించి పొరుగూళ్ళవారికి తెలిసినవి రెండే సంగతులు. భద్రాద్రి రాముని దర్శనానికి పోయేవారు గోదావరి వంతెన ఎక్కే ముందు దాటే ఊరు అన్నది ఒకటి. ఆ వంతెన 1965లో వచ్చింది, అంతకు ముందు పడవలే దిక్కు. రెండోది కాగితపు మిల్లు. ఐటీసీ సంస్థ 1979లో భద్రాచలం పేపర్‌బోర్డ్స్ పేరిట ఈ రంగంలో అడుగుపెట్టింది, 2002లో ఆ కంపెనీని తనలో కలుపుకుంది. మిల్లు పేరు భద్రాచలానిది, మిల్లు ఉన్నది మాత్రం ఏటికి ఇవతల మా ఊళ్ళో. పేరు ఒక చోట, ఉనికి ఇంకొక చోట. నేను చెప్పబోయే కథంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

2006 వేసవిలో సెలవులకు ఇంటికి వెళ్ళాను. పాత కంప్యూటరులో లినక్సు ఎక్కించి, తెలుగు పుటలు నాన్నగారికి చూపించాలని నా ఉబలాటం. తీరా చూస్తే ఒత్తులు పక్కకు జారిపోయి ఉన్నాయి, గుడులు అక్షరాన్ని వదిలి విడిగా నిలబడ్డాయి. నాన్నగారు కళ్ళజోడు సవరించుకొని చూసి, "ఇది తెలుగు కాదురా, తెలుగు ముక్కలు" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

అక్షరాలను పేర్చే పని పాంగో అనే లైబ్రరీది. కొత్త పాంగో మూలాన్ని తెచ్చి, కంపైల్ చేసి, స్థాపించాను. దాన్ని ఆధారం చేసుకొని నాకు కావలసిన ప్రోగ్రామునూ నిర్మించాను. నిర్మాణంలో ఒక్క తప్పూ రాలేదు. నడపబోతే మాత్రం "అన్‌డిఫైన్డ్ సింబల్" అని మొండికేసింది. రెండు రోజులు మేక్‌ఫైలును అటూ ఇటూ తిరగరాశాను. ఫలితం సున్న.

మూడో రోజు భోజనాల దగ్గర నా గోడు విని నాన్నగారు ఇలా అన్నారు: "మిల్లులో కొత్త బేరింగు వచ్చినా, స్టోర్సు రిజిస్టరులో ఎక్కించకపోతే ఫిట్టరు పాతదే పట్టుకుపోతాడు. నీ కొత్త సరుకు రిజిస్టరుకెక్కిందా?" కంప్యూటరు ముట్టుకోని మనిషి వేసిన ప్రశ్న అది. లేచి 'ఎల్‌డీడీ' ఆజ్ఞతో చూశాను. ప్రోగ్రాము కొత్త పాంగోను నమ్ముకొని పుట్టింది, నడిచేటప్పుడు మాత్రం పాత పాంగోనే అందుకుంటోంది. కొత్తదాన్ని పెట్టిన డైరెక్టరీ పేరు లోడరు జాబితాలో లేదు. దాన్ని చేర్చి 'ఎల్‌డీకాన్ఫిగ్' నడిపాను. తెర మీద ఒత్తులు తమ తమ చోట్లకు చేరుకున్నాయి. నాన్నగారు ఒక పేజీ అంతా చదివారు, ఏమీ అనలేదు.

ఈ రిజిస్టరు గొడవ ఎప్పటిదో తెలుసుకోవాలని తరువాత చరిత్ర తిరగేశాను. కాగితాల ఊరివాణ్ణి గనుక ఒక సంగతి నన్ను ప్రత్యేకంగా ఆకట్టుకుంది. మొట్టమొదటి ప్రోగ్రాముల లైబ్రరీలలో ఒకటి అక్షరాలా కాగితం మీదే ఉండేది. 1949 మే 6న కేంబ్రిడ్జిలో ఎడ్‌సాక్ యంత్రం తొలిసారి పనిచేసింది. తరచూ అవసరమయ్యే లెక్కలను చిల్లుల కాగితపు పట్టీల మీద ఎక్కించి, ఒక బీరువాలో దాచేవారు. కావలసిన పట్టీని తీసి తమ ప్రోగ్రాము పట్టీలోకి నకలు చేసుకొనేవారు. అయితే ఆ ముక్క జ్ఞాపకంలో ఎక్కడ కూర్చుంటుందో ముందుగా తెలియదు గదా! చేరిన చోటును బట్టి చిరునామాలను సవరించే ఏర్పాటును డేవిడ్ వీలర్ చేశాడు. 1951లో విల్క్స్, వీలర్, గిల్ ఈ పద్ధతులన్నిటినీ పుస్తకంగా వెలువరించారు. 1952లో గ్రేస్ హాపర్ తన ఏ-జీరోను 'కంపైలర్' అన్నది. అది చేసిన పని లైబ్రరీలోని ముక్కలను ఏరి కూర్చడం, అంటే నేడు మనం లింకరు అంటున్నదాని పనే.

ముక్కలు పెరిగేకొద్దీ ఏది ముందు, ఏది వెనుక అన్న చిక్కు వచ్చింది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' రాసింది ఇందుకే. ఆ తరువాత పంచుకొనే లైబ్రరీలు వాడుకలోకి వచ్చాయి. ఒకే ప్రతిని అన్ని ప్రోగ్రాములూ వాడుకుంటాయి, చోటు కలిసివస్తుంది. ఒక చోట దిద్దితే అంతటా దిద్దినట్టే. ఒక చోట చెడితే అంతటా చెడినట్టే కూడా.

ఈ రెండు ముఖాలనూ తెలుగు చూసింది. తొలినాళ్ళ బ్లాగ్మిత్రులకు గుర్తుండే ఉంటుంది: లినక్సు కోసం మొజిల్లా స్వయంగా అందించిన ఫైర్‌ఫాక్స్ 1.5, 2 ప్రతులలో తెలుగు చెదిరిపోయి కనబడేది. ఫెడోరా, ఉబుంటు వంటి పంపిణీలు నిర్మించిన అదే ఫైర్‌ఫాక్స్‌లో చక్కగా వచ్చేది. మూలం ఒక్కటే. నిర్మించేటప్పుడు పాంగోను జతచేయాలా వద్దా అన్న ఒక్క ఎంపికలోనే తేడా ఉంది. 2008 జూన్‌లో వచ్చిన మూడో సంచికతో ఆ బెడద తీరింది. ఎవరో ఎక్కడో నిర్మాణంలో ఒక మీట నొక్కకపోతే ఒక భాషే చదవరాకుండా పోతుంది!

రెండో ముఖం 2018 ఫిబ్రవరిలో బయటపడింది. 'జ్ఞా' అక్షరం మధ్య కంటికి కనబడని ఒక విడదీత గుర్తు చేరితే చాలు, ఐఫోన్లలో దాన్ని చూపబోయిన అప్లికేషన్లెన్నో కుప్పకూలాయి. లోపం అక్షరాలను పేర్చే ఒకే ఒక లైబ్రరీది, దాన్ని నమ్ముకున్నవి అన్నీ. ఫిబ్రవరి 19న ఆపిల్ సవరణ విడుదల చేసింది. ఆ వారమంతా లోకం దాన్ని 'తెలుగు అక్షరం తెచ్చిన తంటా' అంది. తంటా మన అక్షరానిది కాదు, దాన్ని సరిగ్గా పరీక్షించని అతుకుది.

ఇప్పటికీ కొన్ని ముడులు అలాగే ఉన్నాయి. 2012లో పాంగో అక్షరాలు పేర్చే భారాన్ని హార్ఫ్‌బజ్‌కు అప్పగించింది. హార్ఫ్‌బజ్‌కు ఫ్రీటైప్‌తో పని, ఫ్రీటైప్‌కు హార్ఫ్‌బజ్‌తో పని. ఏది ముందు నిర్మించాలి? మొదట ఫ్రీటైప్‌ను ఒంటరిగా నిర్మించి, దానితో హార్ఫ్‌బజ్‌ను నిర్మించి, మళ్ళీ ఫ్రీటైప్‌ను నిర్మిస్తారు. విత్తు ముందా చెట్టు ముందా అన్నదానికి మూడు అడుగుల్లో జవాబు!

చేరిన చోటును బట్టి చిరునామాలు సవరించడాన్ని లింకరు పరిభాషలో 'రీలొకేషన్' అంటారు. మా వైపు ఆ మాటకు వేరే అర్థం ఉంది. 2014లో పోలవరం ముంపు గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే మిగిలింది, దాని చుట్టుపక్కల పల్లెలు మాత్రం అటు పోయాయి. మా సారపాక ఇటే ఉంది, కాని 2016 అక్టోబరులో జిల్లా పేరు ఖమ్మం నుండి భద్రాద్రి కొత్తగూడెంగా మారింది. ఊళ్ళ పేర్లు అవే, అవి చేరే చిరునామాలు వేరు. రేషను కార్డు మొదలు భూమి పట్టా దాకా ఎన్నో చోట్ల ఆ పేర్లను మళ్ళీ అతికించుకోవలసి వచ్చింది. ప్రోగ్రాము అతకకపోతే తెర మీద ఒక వాక్యం వస్తుంది, మనం విసుక్కుంటాం. మనిషి అతకకపోతే ఏ వాక్యమూ రాదు, అతడు కార్యాలయాల చుట్టూ తిరుగుతాడు.

అందుకే ఈనాటికీ ఏ నిర్మాణం విఫలమైనా నేను మూలాన్ని దిద్దడానికి తొందరపడను. పిలిచిన పేరు ఏ చోటికి చేరుతోందో ముందు చూస్తాను. సరుకు రిజిస్టరుకెక్కిందా అని నాన్నగారు అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను.