రాన్సమ్‌వేర్ దాడి: చిన్న వ్యాపార సంస్థ సన్నద్ధతను అంచనా వేసుకోవడం ఎలా?

సూరత్ రింగ్ రోడ్డులోని టోకు వస్త్ర మార్కెట్లలో సరుకు ముందు వెళుతుంది, సొమ్ము తరువాత వస్తుంది. అరువుపై సాగే ఈ వ్యాపారంలో ఎవరు ఎంత బాకీ ఉన్నారో చెప్పే ఖాతాయే వర్తకునికి అసలు ఆస్తి. దీపావళి వేళ ఇక్కడివారు చోప్డా పూజ పేరిట ఆ పుస్తకాలనే పూజిస్తారు. ఒకనాటి చిట్టా ఆవర్జాల స్థానాన్ని నేడు కంప్యూటర్ ఆక్రమించింది. తెలంగాణ నుంచి వలస వచ్చి ఇక్కడ సొంత మరమగ్గాలు, దుకాణాలు నడుపుతున్న నేత కుటుంబాల లెక్కలకూ అదే ఆధారం. ఒక ఉదయం ఆ కంప్యూటర్‌లోని ఒక్క ఫైలు కూడా తెరుచుకోకపోతే ఆ వ్యాపారం ఎన్ని రోజులు నిలబడగలదు? సన్నద్ధత అంచనా ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది.

రాన్సమ్‌వేర్ అంటే ఏమిటి?

కంప్యూటర్‌లోకి చొరబడి, ఫైళ్లను సంకేత రూపంలోకి మార్చి, వాటిని తిరిగి తెరిచే తాళానికి సొమ్ము డిమాండు చేసే హానికర సాఫ్ట్‌వేర్ ఇది. ఇటీవలి దాడులలో నేరగాళ్లు ముందుగా సమాచారాన్ని కాపీ చేసుకొని, దానిని బయటపెడతామని కూడా బెదిరిస్తున్నారు. మోసపూరిత ఈమెయిల్ జోడింపులు, దొంగ సాఫ్ట్‌వేర్, బలహీనమైన పాస్‌వర్డ్‌లు, దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపేందుకు తెరిచి ఉంచిన సదుపాయాలు దీనికి ప్రధాన ద్వారాలు.

గత దాడులు చెప్పే పాఠాలు

2017 మే 12న మొదలైన వన్నాక్రై దాడి సుమారు 150 దేశాలకు వ్యాపించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే సవరణ విడుదల చేసింది. నవీకరణను వాయిదా వేసినవారే అధికంగా నష్టపోయారు. 2019లో ఉభయ తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల ఆన్‌లైన్ సేవలకు రాన్సమ్‌వేర్ వల్ల అంతరాయం కలిగింది.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌పై దాడి జరిగింది. దాడికి గురికాని వేరొక బ్యాకప్ సర్వర్ నుంచి ఈ-హాస్పిటల్ సమాచారాన్ని తిరిగి పొందగలిగారు. అయినప్పటికీ సేవల పునరుద్ధరణకు సుమారు రెండు వారాలు పట్టింది. అంటే ప్రతి ఉన్నంత మాత్రాన సరిపోదు. దానితో ఎంత త్వరగా పని మొదలుపెట్టగలమన్నదీ ముఖ్యమే. 2024 జులై చివరిలో సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అనే సాంకేతిక సేవల సంస్థపై దాడి ప్రభావంతో సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపు సేవలు తాత్కాలికంగా నిలిచాయి. మన ఇంటికి తాళం వేసుకున్నా, సేవలందించే సంస్థ ద్వారం తెరిచి ఉంటే ముప్పు తప్పదు.

ఏది పోతే తిరిగి రాదు?

అంచనాలో మొదటి మెట్టు సమాచార జాబితా. దాఖలు చేసిన జీఎస్టీ రిటర్నుల వివరాలు ప్రభుత్వ పోర్టల్‌లో, జమాఖర్చులు బ్యాంకు స్టేట్‌మెంట్లలో ఉంటాయి. కానీ ఏ ఏజెంటు ద్వారా ఎంత బాకీ రావాలి, ఎన్ని తాన్లు ఎంబ్రాయిడరీకి పంపాము, వాపసు వచ్చిన సరుకెంత, కార్మికులకు ఇవ్వవలసిన కూలి ఎంత అన్న లెక్కలు వ్యాపారి వద్ద తప్ప మరెక్కడా ఉండవు. రక్షణలో తొలి ప్రాధాన్యం వీటికే దక్కాలి.

ఇది చట్టపరమైన బాధ్యత కూడా. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలను భద్రపరచాలని కేంద్ర జీఎస్టీ చట్టంలోని 36వ సెక్షన్ నిర్దేశిస్తోంది. ప్రమాదవశాత్తు ఎలక్ట్రానిక్ రికార్డులు ధ్వంసమైనా సహేతుక వ్యవధిలో పునరుద్ధరించగలిగేలా బ్యాకప్ ఉంచాలని 57వ నిబంధన చెబుతోంది.

ఐదు ప్రశ్నలు

కింది ప్రశ్నలకు నోటిమాటగా కాక, కళ్లెదుట చూపించగలిగితేనే ‘అవును’ అని రాసుకోవాలి.

1. ఆపరేటింగ్ సిస్టమ్‌కు భద్రతా నవీకరణలు అందుతున్నాయా? విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో సాధారణ మద్దతు ముగిసింది.

2. ప్రతి ఉద్యోగికి వేరువేరు పాస్‌వర్డ్ ఉందా? ఈమెయిల్‌కు, దూరం నుంచి ప్రవేశానికి ఓటీపీ వంటి రెండో ధ్రువీకరణ ఉందా? మానేసిన గుమాస్తా, మరమ్మతుకు వచ్చిన సాంకేతిక నిపుణుడి ప్రవేశాలను రద్దు చేశారా?

3. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరొక చోట అన్న సూత్రం అమలవుతోందా? ఎల్లవేళలా కంప్యూటర్‌కు తగిలించి ఉంచిన హార్డ్‌డిస్క్ కూడా దాడిలో చిక్కుకుంటుంది. పాత ప్రతులను నిలిపి ఉంచని క్లౌడ్ ఫోల్డర్ చెడిపోయిన ఫైళ్లనే భద్రపరుస్తుంది. కాబట్టి రెండు డిస్కులను మార్చి మార్చి వాడి, ఒకదానిని ఇంటివద్ద ఉంచడం మేలు. 2006 ఆగస్టు తాపీ వరదను, 2025 ఫిబ్రవరిలో శివశక్తి మార్కెట్‌లో వందలాది దుకాణాలను కాల్చివేసిన మంటలను చూసిన నగరానికి ఈ జాగ్రత్త అవసరాన్ని వేరుగా వివరించనక్కరలేదు.

4. ఆ బ్యాకప్‌ను ఎన్నడైనా తెరిచి చూశారా? మూడు నెలలకొకసారి వేరొక కంప్యూటర్‌పై ఖాతాలను పునరుద్ధరించి, నిన్నటి నిల్వలు, బాకీల జాబితా సరిపోతున్నాయో చూడాలి. పట్టిన సమయాన్ని నమోదు చేయాలి. సాఫ్ట్‌వేర్ లైసెన్సు, పాస్‌వర్డ్ వివరాలు కాగితంపై భద్రంగా ఉండాలి.

5. కంప్యూటర్ లేని రోజున ఎవరు ఏం చేయాలో రాసి ఉందా? ఖాతాదారుల ఫోన్ నంబర్లు, తాజా బాకీల జాబితా ముద్రించి ఉన్నాయా?

మూడు, నాలుగు ప్రశ్నలలో ఏ ఒక్కదానికి ‘కాదు’ అన్న సమాధానం వచ్చినా, ఖరీదైన యాంటీవైరస్ ఎంత ఉన్నా ఆ సంస్థ సిద్ధంగా లేనట్టే.

దాడి జరిగిన రోజున

ముందుగా కంప్యూటర్‌కు ఇంటర్నెట్, నెట్‌వర్క్ సంబంధాలు తెంచాలి. బ్యాకప్ డిస్కును దానికి తగిలించకూడదు. తెరపై వచ్చిన బెదిరింపు సందేశాన్ని ఫోటో తీయాలి. ఆధారాలు చెరిగిపోతాయి కనుక వెంటనే ఫార్మాట్ చేయరాదు. దాడికి గురికాని పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చి, బ్యాంకును అప్రమత్తం చేయాలి. జాతీయ సైబర్ నేరాల సహాయ కేంద్రం 1930కి ఫిర్యాదు చేయాలి. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం దాడిని గుర్తించిన 6 గంటలలోగా సర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. ఆ సంస్థ ఉచిత నంబరు 1800-11-4949.

సొమ్ము చెల్లించినా ఫైళ్లు తిరిగి వస్తాయన్న హామీ లేదు. 2016లో యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, భద్రతా సంస్థలు కలిసి ప్రారంభించిన ‘నో మోర్ రాన్సమ్’ వేదికపై కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌కు తాళాలు ఉచితంగా లభిస్తాయి. ముందుగా అక్కడ వెతకడం మంచిది.

ఈ అంచనాకు పెద్ద ఖర్చేమీ కాదు. రెండు డిస్కులు, ఒక ఆదివారం చాలు. ఆ ఆదివారం ఖాతాలు వేరొక కంప్యూటర్‌పై తెరుచుకోకపోతే, లోపం దాడికి ముందే తెలిసింది గనుక సరిదిద్దుకునే వ్యవధి ఇంకా ఉంటుంది.