పెద్ద వయసు రైతులకు కోలీ కుక్క: తెచ్చుకునే ముందు చూడవలసినవి

కోలీలు ఇంగ్లాండ్, స్కాట్లాండ్ సరిహద్దు కొండల్లో గొర్రెలను తోలడానికి తయారైన కుక్కలు. మన పట్టణాల్లోనూ వీటి పిల్లలు అమ్మకానికి వస్తున్నాయి. అరవై దాటిన రైతు ఒకదాన్ని తెచ్చుకోవాలనుకుంటే ముందుగా ఏ రకం, ఎంత వయసు అన్నవి తేల్చుకోవాలి.

బోర్డర్ కోలీ 14 నుంచి 20 కిలోలు తూగుతుంది, చాలా చురుకైనది. రోజూ గంట, రెండు గంటలైనా పని కావాలి. పని లేకపోతే కోళ్లను, సైకిళ్లను, చివరకు మనవళ్లను కూడా చుట్టుముట్టి తోలుతుంది, మడమలు కొరుకుతుంది. అది దాని పుట్టుక గుణం, కొడితే పోదు. మోకాళ్ల నొప్పులున్నవారి కాళ్లకు అడ్డం పడితే పడిపోయే ప్రమాదం ఉంది. లాసీ సినిమాల్లో కనిపించే రఫ్ కోలీ ఇంకాస్త పెద్దది, కానీ నెమ్మదైనది. దానికి ఒత్తైన బొచ్చు ఉంటుంది కాబట్టి వారానికి రెండు మూడుసార్లు దువ్వాలి. పొట్టి బొచ్చు ఉండే స్మూత్ కోలీ అయితే ఆ శ్రమ తక్కువ.

పిల్లను తెచ్చుకోవద్దని మా సలహా. కోలీ 12 నుంచి 14 ఏళ్లు బతుకుతుంది. 68 ఏళ్ల వయసులో పిల్లను తెచ్చుకుంటే 80 దాటేదాకా దాని భారం మోయాలి. పైగా మొదటి రెండేళ్లు దాని అల్లరి పట్టడం కుర్రవాళ్లకే కష్టం. బ్రిటన్‌లో శిక్షణ పొందిన పెద్ద కుక్కలను వేలంలో కొనే కాపరులున్నారు. 4 నుంచి 7 ఏళ్ల కుక్క అయితే దాని స్వభావం అప్పటికే బయటపడి ఉంటుంది.

చూడటానికి వెళ్లినప్పుడు గొలుసు మీ చేతిలోనే ఉండాలి, కొడుకు చేతిలో కాదు. అరగంట నడిపించండి. పక్కనుంచి మోటార్ సైకిల్ పోనిచ్చి లాగుతుందేమో గమనించండి. చెవులు, పాదాలు ముట్టుకోనిస్తుందా, చప్పట్లకు తిరిగి చూస్తుందా అన్నవీ చూడండి. రేబిస్ టీకా కార్డు అడగండి.

గొర్రెలు, మేకలు ఉన్నవారు తప్పక తెలుసుకోవలసింది ఐవర్‌మెక్టిన్ గురించి. చాలా కోలీల్లో ఒక జన్యులోపం వల్ల ఈ మందు మెదడులోకి చేరిపోతుంది. 2001లో అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని గుర్తించారు. అక్కడి పరీక్షల్లో ప్రతి 10 రఫ్, స్మూత్ కోలీల్లో సుమారు 7 కుక్కల్లో ఈ లోపం కనిపించింది. బోర్డర్ కోలీల్లో తక్కువ. లోపం ఉన్న 20 కిలోల కుక్కకు జీవాలకు వేసే 1 శాతం ఇంజెక్షన్ మందు పావు మిల్లీలీటరు చేరినా ప్రాణం మీదికి రావచ్చు. తూలడం, చొంగ కార్చడం, కళ్లు కనిపించకపోవడం, స్పృహ తప్పడం దీని లక్షణాలు. ప్రత్యేకమైన విరుగుడు లేదు, వెంటనే పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. కుక్కకు గోమార్లు పట్టాయని గొర్రెల మందే వేయకండి. మిగిలిన మందు, ఖాళీ సీసాలు దానికి అందనివ్వకండి. మందు పెంటికల్లోనూ బయటకు వస్తుంది కాబట్టి, జీవాలకు వేశాక పది రోజులైనా కుక్కను దొడ్డిలోకి రానివ్వకండి. నట్టలకు ఫెన్‌బెండజోల్, ప్రాజిక్వాంటెల్ వంటివి పశువైద్యుడు చెప్పిన మోతాదులో వేయవచ్చు.

ఎండాకాలంలో తెల్లవారుజామున, పొద్దు గూకాక మాత్రమే తిప్పాలి. పగలు నీడ, గాలి, చల్లటి నీళ్లు ఉండాలి. బొచ్చు నున్నగా గొరిగించకూడదు, చర్మానికి ఎండ నుంచి కాపు అదే. ఇంత చూసుకునే వీలు లేని ఊళ్లలో కోలీ జోలికి పోకపోవడమే మంచిది.

తోడేళ్లు, దొంగల నుంచి మందకు కాపలా కావాలనుకునేవారికి కోలీ పనికిరాదు. అది జీవాలను తోలే కుక్క. కాపలాకు మందతో కలిసి పెరిగిన నాటు కుక్కే నయం.

మీరు ఆసుపత్రిలో ఉండవలసి వస్తే కుక్కకు తిండి పెట్టి తిప్పే మనిషి ఎవరో తెచ్చే ముందే మాట్లాడుకోండి. ఐవర్‌మెక్టిన్ పడదన్న సంగతి ఆ మనిషికి చెప్పి, టీకా కార్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి.