పంపబడువారి పాఠశాల



మీ గ్రామములో రెండు దినములు నిలిచి వాక్యము బోధించి వెళ్లిన క్రొత్త సేవకుని మీరు చూచియుందురు. ఆయన పాట బాగుండెనా, ప్రసంగము పొడవాయెనా అని మనము మాటలాడుకొందుము. అయితే ఆయన ఎచ్చట నేర్చుకొనెను, ఆ నేర్చుకొను దినములలో ఏమి అనుభవించెను అని అడుగువారు అరుదు. పైరు అందరి కంట బడును. వేసవిలో దున్నిన దుక్కి ఎవరికిని జ్ఞాపకముండదు. ఈ నెల మనము అట్టి దుక్కిని ఒకదానిని చూతము.

అమెరికా దేశములో, 1830 ఏప్రిల్ 6న, న్యూయార్కు రాష్ట్రమందు జోసెఫ్ స్మిత్ ఒక సంఘమును స్థాపించెను. దాని పేరు కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘము. లోకులు వారిని మార్మనులని పిలుతురు. బైబిలుతోపాటు మార్మన్ గ్రంథమును కూడ వారు లేఖనముగా ఎంచుదురు గనుక వారి సిద్ధాంతములకును మన సంఘముల సిద్ధాంతములకును గొప్ప భేదములు కలవు. ఆ భేదములను దాచనక్కరలేదు. అయినను పొరుగువాని పొలములో దుక్కి లోతుగా నున్నయెడల రైతు గట్టుమీద నిలిచి చూడక మానడు.

మొదటి దినములలో వారియొద్ద ఇట్టి దుక్కి లేదు. 1852 ఆగస్టులో సాల్ట్ లేక్ పట్టణమున జరిగిన సభలో సుమారు నూరుమంది పేర్లు చదివి, నానా దేశములకు వెళ్లుడని చెప్పిరి. కొందరికి మన దేశము నియమింపబడెను. వారిలో రిచర్డ్ బాలంటైన్ అనునతడు స్కాట్లండులో పుట్టినవాడు. 1849 డిసెంబరులో సాల్ట్ లేక్ లోయయందు తన యింటనే మొదటి ఆదివారపు బడిని తెరచినవాడు. పిల్లలకు బోధించుటయందు ఇంత ఆసక్తిగలవాడు ఇల్లు విడిచి, 1853 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడ ఎక్కి, ఏప్రిలులో కలకత్తా చేరెను. అచ్చటనుండి మద్రాసునకు వచ్చెను.

అప్పుడు మన కోస్తా జిల్లాలును రాయలసీమయు మద్రాసు రాజధానిలోనివే. ఆ పట్టణపు వీధులలో అరవమును తెలుగును వినబడుచుండెను. కాని వారి బోధ ముఖ్యముగా ఇంగ్లీషు తెలిసినవారికే చేరెను. ఇంచుమించు ఒక సంవత్సరమునకు బాలంటైన్ తిరిగి వెళ్లెను. 1856 నాటికి ఆ గుంపువారు దాదాపు అందరును మన దేశమును విడిచిరి. దీనికి కారణములు అనేకములు. అయితే వారికి ధైర్యము తక్కువయ్యెనని ఎవరు చెప్పగలరు? సముద్రములు దాటి వచ్చినవారు అంగడి వీధి దాటలేకపోయిరి. నాలుక కట్టుబడినప్పుడు హృదయము నిండియున్నను ఏమి లాభము?

చదువరులారా, ఆసక్తి కూడ బడికి వెళ్లి నేర్చుకొనవలసినదే. ఆ సంఘమువారు దీనిని మెల్లమెల్లగా గ్రహించిరి. 1925లో సాల్ట్ లేక్ పట్టణమున ఒక మిషను గృహమును తెరచి, పంపబడువారిని కొలది దినములు అందులో ఉంచి నేర్పిరి. 1961లో మెక్సికో, అర్జెంటీనా దేశములకు వెళ్లవలసిన యౌవనులకు వీసాలు ఆలస్యమాయెను. ఆ కాలమును వ్యర్థము చేయక, యూటా రాష్ట్రములోని ప్రోవో పట్టణమున స్పానిష్ భాష నేర్పుటకు ఒక పాఠశాల పెట్టిరి. ఆటంకమే ఆరంభమాయెను! 1976లో దానికి విశాలమైన భవనములు కట్టిరి. 1978 నుండి అది మిషనరీ శిక్షణ కేంద్రమని పిలువబడుచున్నది. ఇప్పుడు యాభైకి పైగా భాషలు అచ్చట నేర్పుదురు.

అచ్చటి దినము ఎట్టిది? కొండల పాదమున నున్న ఆ స్థలమునకు పదునెనిమిది, పందొమ్మిది ఏండ్ల బిడ్డలు పెట్టె పట్టుకొని వత్తురు. తల్లి వాకిట కౌగిలించుకొని వెళ్లిపోవును. లోపలికి పోగానే పేరు వ్రాసిన నల్లని బిళ్ల ఒకటి రొమ్మున పెట్టుదురు. ఆ దినమునుండి అబ్బాయిని ఎల్డర్ అనియు అమ్మాయిని సిస్టర్ అనియు ఇంటిపేరుతో పిలుతురు. ఉదయము సుమారు ఆరున్నరకు లేచుట, ప్రార్థన, లేఖన పఠనము, వ్యాయామము, గంటల తరబడి తరగతులు, రాత్రి పదిన్నరకు దీపములార్పుట.

ఒక్కరే తిరుగుటకు వీలులేదు. సువార్తలలో శిష్యులు ఇద్దరిద్దరుగా పంపబడిన రీతిగా ప్రతివారికిని ఒక జతగానిని నియమింతురు. ఆ జతగాడు తాను కోరుకొన్నవాడు కాడు. వాని గురక వినవలెను, వాని కోపము సహింపవలెను, వాడు కన్నీరు విడిచినప్పుడు ప్రక్కన కూర్చుండవలెను. ముందుగా ఒక్క మనుష్యునితో సమాధానముగా బ్రదుకనేర్వనివాడు ఒక ఊరివారికి సమాధానమును ఎట్లు బోధించును?

భాష నేర్చుకొనువారి పాట్లు మరియు గొప్పవి. వచ్చిన కొలది దినములకే ఆ క్రొత్త భాషలో ప్రార్థింపవలెను. ఉపాధ్యాయుడు ఏమియు తెలియని గృహస్థునివలె కుర్చీలో కూర్చుండును. వీరు తలుపు తట్టి, తడబడుచు, ఆ భాషలోనే అతనికి బోధింపవలెను. స్వభాషలో గంటసేపు మాటలాడగలవాడు ఇక్కడ రెండు ముక్కలు చెప్పి నీళ్లు నములును. నవ్వులపాలగును. అయితే ఈ అవమానమే వాని గొప్ప పాఠము. శిశువువలె మాటలాడుట నేర్చినవాడు వినుట కూడ నేర్చుకొనును. ఆ ఉపాధ్యాయులలో అనేకులు తామును అట్లే తడబడి, దూరదేశములలో సేవచేసి తిరిగివచ్చిన యౌవనులే.

వారమునకు ఒక దినము బట్టలు ఉతుకుకొనుటకును ఇంటికి వ్రాయుటకును విడిచిపెట్టుదురు. చాలకాలము క్రిస్మసునాడును తల్లుల దినమునాడును మాత్రమే ఇంటికి ఫోను చేయుటకు సెలవుండెను. 2019 ఫిబ్రవరి నుండి ప్రతి వారము తలిదండ్రులతో మాటలాడనిచ్చుచున్నారు. ఇంటి బెంగ విశ్వాసలోపము కాదని ఆ సంఘమువారు ఒప్పుకొన్నట్లే గదా! 2020లో కరోనా వ్యాధి వచ్చినప్పుడు యౌవనులు తమ యిండ్లలోనే తెర యెదుట కూర్చుండి ఈ పాఠములు నేర్చుకొనిరి.

శిక్షణతో కలిపి పురుషుల సేవ మొత్తము రెండేండ్లు, స్త్రీల సేవ పదునెనిమిది మాసములు. అందరును గడువు ముగియువరకు నిలువరు. కొందరు జబ్బుచేతనో, మనస్సు క్రుంగుటచేతనో ముందే ఇల్లు చేరుదురు. అట్టివారు వీధిలో తలయెత్తలేక సిగ్గుపడుదురు. ఈ మాట వ్రాయుచుండగా మన గ్రామములు నాకు జ్ఞాపకమునకు వచ్చుచున్నవి. బైబిలు శిక్షణకు వెళ్లి సగములో తిరిగివచ్చిన కుమారుని గూర్చి బావియొద్ద మనము ఏమి చెప్పుకొనుచున్నాము?

ఇంకొక సంగతి చెప్పి ముగింతును. బాలంటైన్ మద్రాసునకు వచ్చిన 125 ఏండ్లకు, 1978లో, సమోవా దీవులలో నివసించుచున్న తెలుగు దంపతులు ఆ సంఘము తరఫున హైదరాబాదునకు వచ్చిరి. వారు వచ్చినది తమ స్వజనులయొద్దకే. కొలది దినములలోనే వారి బంధువులు పలువురు ఆ సంఘములో చేరిరి. ఆ బోధతో మనము ఏకీభవింపకపోవచ్చును. కాని మాట ఏ త్రోవను హృదయములోనికి పోవునో ఇందులో తెలియుచున్నది గదా.

ప్రియులారా, మీ సంఘమునుండి ఒక బిడ్డ శిక్షణకు వెళ్లినయెడల బియ్యపు మూటతోనే మీ బాధ్యత తీరలేదు. వారమునకు ఒక ఉత్తరము వ్రాయుడి. సెలవులలో వచ్చినప్పుడు పెద్ద ప్రసంగము కోరక, నీకు జతగాడెవడు, రాత్రి నిద్ర పట్టుచున్నదా అని అడుగుడి. తడబడుచు ప్రార్థించినయెడల నవ్వకుడి. సగములో తిరిగివచ్చినయెడల వాకిట నిలబెట్టక లోపలికి పిలిచి అన్నము పెట్టుడి. దుక్కి దున్నుచున్న కాలములో పొలము అందముగా కనబడదు. అయినను మంచి రైతు ఆ పొలమును విడిచిపోడు.