చెరువు ప్రాణం తూములోనే
రాయలసీమ చెరువుల గొప్పతనాన్ని చాలామంది కట్ట పొడవుతో కొలుస్తారు. అసలు నేర్పు మాత్రం ఆ కట్టకు పెట్టిన కంతలో, అంటే తూములో ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అక్కడి శాసనం చెబుతోంది. అదే శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు లెక్కపెట్టింది. కట్టలోంచి నీరు ఊరడం దోషాల్లో ఒకటి. సుడి తిరుగుతూ నీరు బయటికి పోయే తూము అంగాల్లో ఒకటి. కారడం వేరు, వదలడం వేరు అని ఆనాటివాళ్లకు స్పష్టంగా తెలుసు.

కట్టకు కంత పెడితే బలం తగ్గదా? తగ్గుతుంది. అందుకే తూమును మట్టికి వదలక రాతితో కట్టారు. నీటిలో రెండు రాతి స్తంభాలు నిలిపి, అడ్డరాళ్ల బెజ్జాల గుండా కర్ర దింపి, దాని కొనకున్న బిరడాతో అడుగురాతి కన్ను మూసేవారు. నీరు వదిలే పనివాడు, అంటే నీరుగంటి, కర్రను ఎత్తినంత మేరకే నీరు కట్ట కింది రాతి కాలువగుండా మడికి పోయేది. శాసనాలు రాజును పొగడడానికే కదా, నమ్మేదెలా అనవచ్చు. పొగడ్తకు దోషాల జాబితా అక్కర్లేదు. అది చెరువులు చెడిపోవడం చూసినవాళ్ల అనుభవం. వాన తక్కువైన సీమలో నీటిని ఆపడం సగం పనే. పూడిక తీసి, కట్ట ఎత్తి, తూమును పాడుపెడితే ఆ ఖర్చంతా వృథా.