పాలు పడని బాలింతలు: పిట్యూటరీ వైద్యంలో ఒక అధ్యాయం

1914లో హాంబర్గ్ నగరంలో మోరిస్ సిమ్మండ్స్ అనే పాతాలజిస్టు ఒక స్త్రీ శవపరీక్ష వివరాలు ప్రచురించాడు. ఆమె వయసు 46. పదకొండేళ్ల కిందట తీవ్రమైన పురిటి జ్వరం నుంచి బయటపడింది గానీ ఆరోగ్యం మళ్లీ కుదుటపడలేదు. ముట్లు ఆగిపోయాయి, నీరసం ముదిరింది, చివరికి స్పృహ తప్పి చనిపోయింది. మెదడు అడుగున ఎముక గూటిలో శనగ గింజంత ఉండాల్సిన పిట్యూటరీ, అంటే మన పాఠ్యపుస్తకాల పీయూష గ్రంథి, ఎండిపోయి ఉంది. అంతకు ఏడాది ముందే క్రాకోలో లియోన్ గ్లిన్‌స్కీ, పురుడు వచ్చాక మరణించిన స్త్రీలలో ఈ గ్రంథి చచ్చుబడటాన్ని గమనించి పోలిష్‌లో రాశాడు. అది పెద్దగా ఎవరి కంటా పడలేదు.

సిమ్మండ్స్ పేరు నిలిచింది. దాంతోపాటు ఒక పొరపాటు అభిప్రాయమూ నాటుకుపోయింది. పిట్యూటరీ పాడైతే మనిషి చిక్కి శల్యమవుతాడన్నది వైద్య గ్రంథాలకెక్కింది. ఫలితంగా, మానసిక కారణాలతో తిండి మానేసి బక్కచిక్కిన యువతులకు ‘సిమ్మండ్స్ జబ్బు’ అని పేరుపెట్టి పిట్యూటరీ సారం ఎక్కించారు. నిజంగా గ్రంథి చచ్చిన స్త్రీలు మాత్రం ఒళ్లు తగ్గలేదు కాబట్టి ఎవరి లెక్కలోకీ రాలేదు. వైద్య చరిత్రలో ఒక్క లక్షణం ఇంతమందిని ఇంతకాలం మరుగుపరచిన సందర్భాలు తక్కువేనని నా అభిప్రాయం.

ఈ ముడి విప్పినవాడు హెరాల్డ్ షీహాన్. 1930లలో ఆయన పనిచేసింది గ్లాస్గోలోని ప్రసూతి ఆసుపత్రిలో. పురిట్లో చనిపోయిన తల్లుల దేహాలు ఆయన బల్ల మీదికి వచ్చేవి. ఆయన ప్రతి గ్రంథినీ కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులో చచ్చిన కణజాలం ఎన్నాళ్ల నాటిదో అంచనా కట్టాడు. ఆ లెక్క మళ్లీ మళ్లీ ప్రసవ సమయానికే తీసుకెళ్లింది. కేస్ షీట్లు తిరగేస్తే అక్కడ విపరీతమైన రక్తస్రావం, పడిపోయిన నాడి కనిపించాయి. కారణం పురిటి జ్వరం కాదు, రక్తం పోవడమేనని 1937లో ప్రకటించాడు.

ఆ గ్రంథే ఎందుకు దెబ్బతింటుంది? గర్భం మోస్తున్నప్పుడు పాలకు సంబంధించిన ప్రొలాక్టిన్ కణాలు పెరిగి, గ్రంథి ముందు భాగం పెద్దదవుతుంది. దానికి రక్తం ప్రధానంగా హైపోథాలమస్ నుంచి దిగే సిరల ద్వారా, తక్కువ పీడనంతో అందుతుంది. ఒంట్లో రక్తం పడిపోతే మొదట ఎండేది అదే. వెనుక భాగానికి ధమనుల నుంచి నేరుగా రక్తం వస్తుంది కాబట్టి అది చాలాసార్లు బతికిపోతుంది.

బతికి బయటపడిన స్త్రీల సంగతి షీహాన్‌ను ఇంకా ఎక్కువగా పట్టుకుంది. బిడ్డ పుట్టాక పాలు పడలేదు. ముట్లు తిరిగి రాలేదు. చంకల్లో వెంట్రుకలు మళ్లీ మొలవలేదు. ఎండాకాలంలోనూ చలి, పాలిపోయిన ముఖం, పని మీద విముఖత. ఇంట్లోవాళ్లు బద్ధకమన్నారు. ఏళ్లు గడిచాక మామూలు జ్వరమో విరేచనాలో పట్టుకుంటే, రక్తంలో చక్కెర పడిపోయి కోమాలోకి జారుకునేవారు. 1949లో సమ్మర్స్‌తో కలిసి రాసిన సుదీర్ఘ పత్రంలో, చిక్కిపోవడం ఈ జబ్బు లక్షణమే కాదని షీహాన్ తేల్చాడు.

అదే ఏడాది అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి కార్టిసోన్ వార్త వెలువడింది. కీళ్లవాతం కోసం వాడిన ఆ మందు ఈ స్త్రీలకు ప్రాణాధారమైంది. పిట్యూటరీ తీసేస్తే అడ్రినల్, థైరాయిడ్, అండాశయాలు వరసగా కృశిస్తాయని ఫిలిప్ స్మిత్ ఎలుకల మీద అప్పటికే చూపించాడు. కాబట్టి పిట్యూటరీని బతికించలేకపోయినా, అది నడిపే గ్రంథుల హార్మోన్లను బయటి నుంచి ఇవ్వవచ్చు. ఇందులో వరస ముఖ్యం: ముందు అడ్రినల్ హార్మోన్ కార్టిసాల్ లోటు తీర్చాలి, తర్వాతే థైరాయిడ్ హార్మోన్ థైరాక్సిన్. థైరాయిడ్ మాత్ర ఒక్కటే మొదలుపెడితే ప్రాణం మీదికి వస్తుంది. జ్వరం వస్తే స్టెరాయిడ్ మోతాదు పెంచాలి. వాంతులైతే ఇంజెక్షన్ తప్పదు. చవకైన మందులే ఇవన్నీ.

సంపన్న దేశాల్లో రక్తమార్పిడి, ఆసుపత్రి కాన్పులు పెరిగాక ఈ జబ్బు అరుదైంది. అన్నిచోట్లా అలా జరగలేదు. 2005లో వెలువడిన కాశ్మీర్ అధ్యయనం, ఇరవై ఏళ్లు దాటిన, పిల్లల్ని కన్న స్త్రీలలో దాదాపు నూటికి ముగ్గురికి ఈ జబ్బు ఉండవచ్చని అంచనా వేసింది. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది ఇంట్లో పురుడు పోసుకున్నవారే.

ఈ కథకు మన తీరంతో సంబంధమున్న మరో కొస ఉంది. 1780లలో విశాఖపట్నంలో ఉన్న ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రసెల్, కోరమాండల్ తీరపు పాములను స్థానిక పేర్లతో నమోదు చేసి 1796లో గ్రంథంగా తెచ్చాడు. మన రక్తపింజరకు ఇంగ్లీషు పేరు ఆయన మీదుగానే వచ్చింది. 1987లో టున్ పె, డేవిడ్ వారెల్ తదితరులు బర్మా రోగులను పరిశీలించి, ఈ పాము కాటు తర్వాత షీహాన్ వర్ణించిన జబ్బును పోలిన పిట్యూటరీ వైఫల్యం వస్తోందని లాన్సెట్‌లో రాశారు. విషం రక్తాన్ని గడ్డకట్టకుండా చేసి, గ్రంథిలోనే రక్తస్రావం కలిగించవచ్చు. భారతదేశం నుంచీ తర్వాత ఇలాంటి కేసులు నమోదయ్యాయి.

కాటుకు గురయ్యేది ఎక్కువగా వరి మడుల్లో పనిచేసే రైతులు, కూలీలు. మగవాళ్లకు పాలు పడకపోవడం, ముట్లు ఆగడం లాంటి ఆనవాళ్లు ఉండవు. కాలి గాయం మానిన కొన్నేళ్లకు నీరసంతో వచ్చిన మనిషి పాము మాట తానుగా ఎత్తడు. గడ్డం గీసుకోవాల్సిన అవసరం తగ్గిందా, ఎప్పుడైనా రక్తపింజర కరిచిందా అని వైద్యుడే అడిగి, ఉదయం పూట కార్టిసాల్ పరీక్ష రాయాలి.